కొబ్బరితోటలో రోటరీ మోవర్

కోనసీమ తోటల్లో లాగుడు మోవర్ (గడ్డి కోసే యంత్రం) కంటే త్రీ పాయింట్ లింకేజీకి (ట్రాక్టర్ వెనక పనిముట్టుని పట్టి ఎత్తే మూడు చేతులకి) తగిలించిందే మేలు. బోదె (నీటి కాలువ) రాగానే పైకెత్తేయొచ్చు. కేటగిరీ 1 (లింకేజీ సైజు) ట్రాక్టరైతే కింది పిన్నులు 22 మి.మీ., టాప్ లింక్ (పై చేయి) పిన్ను 19. మాస్టు (మోవర్ ముందుండే నిలువు చట్రం) పైనుంచి డెక్ (బ్లేడు మీది రేకు కప్పు) వెనక్కి రెండు బద్దీలు వేయించండి. లేకపోతే ఎత్తినప్పుడు బరువంతా ముందు వెల్డింగు మీదే పడి పగులుతుంది.

అసలు చిక్కు పీటీఓ షాఫ్టు, అంటే ట్రాక్టర్ నుంచి మోవర్‌కి తిప్పుడు అందించే ఇరుసు. ఒకదాన్లో ఒకటి జారే రెండు గొట్టాలుంటాయి. పొడవెక్కువైతే లిఫ్ట్ ఎత్తేటప్పుడు గొట్టాలు అడుగుకి తగిలి గేర్‌బాక్స్ బేరింగుని కొట్టేస్తాయి. షాఫ్టు బాగా ముడుచుకున్నప్పుడు కూడా 25 మి.మీ. ఖాళీ ఉండేలా కోయండి. సాగినప్పుడు కనీసం మూడో వంతు ఒకదాన్లో ఒకటి లోపలే ఉండాలి.

ఓవర్‌రన్నింగ్ క్లచ్ (బ్లేడు తిప్పుడు తిరిగి ట్రాక్టర్‌కి చేరకుండా వదిలేసేది) తప్పనిసరి! పాత ట్రాక్టర్లలో క్లచ్ తొక్కినా తిరిగే బ్లేడు బండిని ముందుకి తోస్తుంది, పక్కనే బోదె. షియర్ బోల్టు (అడ్డం తగిలితే ముందు తనే తెగి గేర్లని కాపాడేది) తెగుతోందని గట్టిది వేయకండి, మట్టలూ మొద్దులూ తగిలితే గేర్లే పోతాయి.