చిన్నాయన కాంటా, నా పద్నాలుగు గడులు

మిర్యాలగూడలో మా చిన్నాయనది వడ్ల వ్యాపారం. కాంటా లెక్కలకు నేనే యాప్ రాసిచ్చాను. ఒకే తెర మీద పద్నాలుగు గడులు! నాకు ముచ్చటేసింది. ఆయన మాత్రం మళ్లీ కాగితమే పట్టుకున్నాడు.

"తేమ చూసి, కిందికి జరిపి కొట్టేలోపు మర్చిపోతున్న బిడ్డా."

మనసులో ఒకేసారి నిలిచేవి ఏడు, అటూఇటూ రెండు అని 1956లో మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ రాశాడు. తర్వాతివాళ్లు నాలుగే అన్నారు. హమాలీల కేకలు, లారీ హారన్ల మధ్య నాకైతే రెండు కూడా ఎక్కువే అనిపించింది.

ఇప్పుడు మూడే గడులు: సంచులు, తూకం, తేమ. నిన్నటి రేటు దానంతటదే వస్తుంది. తేమ 17 శాతం దాటితే గడి ఎర్రబడుతుంది. పేరు వెతకక్కర్లేదు, ఇటీవల వచ్చిన రైతులు పైనే కనిపిస్తారు.

సేవ్ మాత్రం ఇప్పటికీ రెండుసార్లు నొక్కుతున్నాడు. అయిందో లేదో తెలియట్లేదట. ఈ ఆదివారం దాని పని పట్టాలి.