రెండు తట్లంటే ఆగమని

క్యాన్సర్ వచ్చిన కుర్రాళ్ల కోసం మేం పెట్టుకున్న బైక్ రైడ్‌కి వారం ముందు, నా వెనక కూర్చోబోయే అబ్బాయి బండి చూసుకోవడానికి వచ్చాడు. వెనక సీటెక్కి కుడికాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టబోయి ఆగిపోయాడు. మోకాలు అంత మడవదు, లోపలున్నది లోహపు కీలు. "ఇంతవరకే వస్తుందన్నా" అని కాలు చేత్తో పట్టుకుని చూపించాడు. ఫుట్‌రెస్ట్ నాలుగు వేళ్లు కిందికి దిగితే చాలని తేలింది. ఇనుప పట్టీ కోయించి, కిందికి దించి బిగించాను. కాలు సైలెన్సర్‌కి తగలకుండా ఒక రేకు కూడా అడ్డం పెట్టాను. సాయంత్రమంతా ఆ పనికే సరిపోయింది.

మొత్తం 40 బండ్లు, 180 కిలోమీటర్లు. ఎవరి పెట్రోలు వాళ్లదే. తెలిసినవాళ్లు కిలోమీటరుకి ఇంత అని రాసిస్తే, ఆ మొత్తం ఆ కుర్రాళ్ల కోసం పెట్టిన ఫండ్‌కి వెళ్తుంది. పెట్రోలుకి తగలేసేదేదో నేరుగా ఫండ్‌కే ఇస్తే పోదా అని ఒకసారి అడిగాను. "బండి తియ్యకపోతే ఆ డబ్బు ఇస్తావా మరి?" అన్నారు. ఇవ్వను. అక్కడితో నోరు మూసుకున్నాను.

వైద్యం పూర్తయి, డాక్టర్ సరేనన్నవాళ్లనే వెనక ఎక్కించుకున్నాం. కీమో నడుస్తుంటే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, చిన్న దెబ్బకే రక్తం ఆగదు. తెల్లకణాలు తగ్గితే గుంపులోకి రావడమే ప్రమాదం. అలాంటి అమ్మాయి ఒకరు జెండా ఊపడానికి వచ్చి, మాస్కుతో దూరంగా నిలబడింది. తలమీద తన సొంత హెల్మెట్. జుట్టు రాలిపోయాక అది వదులైనట్టుంది, ఊపినప్పుడల్లా కళ్లమీదికి జారుతోంది. ఒక చేత్తో జెండా, ఇంకో చేత్తో హెల్మెట్.

వీడియో కోసమని ఆసుపత్రి గేటు ముందు అందరూ ఒక్కసారి ఇంజన్లు రేజ్ చేయాలన్నాడొకాయన. పైన వాంతులతో పడుకున్నవాళ్లకి ఈ మోత దేనికండీ అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఆ తర్వాత రోజంతా నాతో మాట్లాడలేదు, నాకూ అదే హాయిగా ఉంది.

బయల్దేరే ముందు నాకూ, నా వెనక కూర్చున్న ఆ అబ్బాయికీ ఒక ఒప్పందం. భుజం మీద ఒక తట్టు తడితే నెమ్మది, రెండు తడితే ఆపాలి. హెల్మెట్లలో మాటలు వినిపించవు కదా, అందుకని అనుకున్నాను. అసలు కారణం వాడు తర్వాత చెప్పాడు. రోడ్డు మీద ఎడమకొకరు, కుడికొకరుగా సాగాం. నా వరసలో ముందున్న బండికి రెండు సెకన్ల దూరం. మలుపులు మొదలవగానే ఒకే వరస. టైర్లలో గాలి పెంచుకున్నా, వెనక షాకులు గట్టి చేసుకున్నా, వెనక ఆ మోకాలుందన్న టెన్షన్ మాత్రం తగ్గలేదు. ప్రతి గతుకూ నేనే తింటున్నట్టుంది.

సగం దారిలో రెండు తట్లు. కాలు చాచుకోవాలట. రోడ్డు పక్క రాతి మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ చెప్పాడు. మొదట్లో బంతాటలో తగిలిన దెబ్బేనని నాలుగు నెలలు మందు రాశారట. తీరా చూస్తే ఆస్టియోసార్కోమా, అంటే ఎముక క్యాన్సర్. ఎముకలు ఎదిగే వయసులో వచ్చే రకం, ఎక్కువగా మోకాలి దగ్గరే మొదలవుతుంది. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో. అప్పటికి వాడికి పదహారు. పిల్లల వార్డులో గోడలనిండా కుందేళ్లు, మంచం దాటి బయటికి వేలాడే వాడి కాళ్లు. పెద్దల వార్డుకి మారిస్తే పక్కన తాతయ్యలు. "నా వయసువాణ్ని ఒక్కణ్ని చూడలేదన్నా ఎనిమిది నెలలు" అన్నాడు. ముందు బండి వెనక కూర్చున్నవాడితో పొద్దుట్నుంచీ చేతి సైగలతో ఎందుకంత ముచ్చటో అప్పుడర్థమైంది.

చెవుల సంగతీ అప్పుడే తెలిసింది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు సన్నటి శబ్దాలను పట్టుకెళ్లిపోయింది. పిట్టల కూతలు, ఫోన్ బీప్‌లు వాడికి వినపడవు. చెల్లెలు మాట్లాడితే సగం అక్షరాలు ఎగిరిపోతాయట. అందుకే తట్లు. ఉన్న వినికిడికి గాలి హోరు దెబ్బ తగలకుండా హెల్మెట్ లోపల ఇయర్‌ప్లగ్‌లు కూడా పెట్టుకున్నాడు. "లావు శబ్దాలు మాత్రం బాగా తెలుస్తాయి. మీ ఇంజన్ నాకు వీపు దాకా వినిపిస్తోంది" అని నవ్వాడు.

తర్వాత ఘాట్ ఎక్కాం. నా మటుకు నేను బ్రహ్మాండంగా నడిపాననే అనుకున్నాను. కుదుపు లేదు, సడన్ బ్రేక్ లేదు. పైన బండి ఆపి, వాడి కాలు మెల్లగా దింపి, ఎలా ఉందిరా అన్నాను. హెల్మెట్ తీసి మొహమాటంగా ఒక క్షణం ఆగాడు.

"బాగుందన్నా. కానీ ఎక్కుడులో మీరు గేరు దించడం లేటు చేస్తున్నారు. ప్రతి మలుపులోనూ ఇంజన్ కొట్టుకుంటోంది."

తర్వాత వచ్చిన ఎక్కుడులో చూసుకున్నాను. నిజమే.