సముద్రం కోసం వెళ్తే గోడలు చూపించారు

పీసా గోపురం, లూకా కోటగోడ మీద సైకిళ్లు ఎవరైనా రాస్తారు, వాటిని వదిలేస్తున్నా. చెప్పాల్సింది ఇటలీలో సముద్రం ఒడ్డున కొండల మీదున్న అయిదు ఊళ్లు, చింక్వే తెర్రే సంగతి. అందులోనూ మొంతెరొస్సో నుంచి వెర్నాత్సాకి నడిచిన ఒక పూట.

ముందు డబ్బుల గొడవ. మేం తీసుకున్న నడక ప్యాకేజీలో "ప్రవేశ రుసుములన్నీ కలిపి" అని ఉంది. నడకదారి కార్డు ఇచ్చారు, నిజమే. ఊరికీ ఊరికీ మధ్య రైలు టికెట్ మాత్రం మన జేబులోంచే. 2012లో రాళ్లు విరిగిపడి మూసేసి 2024లో మళ్లీ తెరిచిన 'ప్రేమ బాట' ఉంది చూశారా, రియోమజ్జోరే నుంచి మనరోలా దాకా కిలోమీటరు కూడా సరిగ్గా ఉండదు, దానికి ఇంకో పది యూరోలు, ముందుగా టైం బుక్ చేసుకోవాలి. మా ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది: "పెళ్లై ఇన్నేళ్లయ్యాక ఆ బాటకి వెయ్యి రూపాయలా?" వెళ్లలేదు. ఇక హోటల్లో తిండికి బిల్లు వేరు, కుర్చీలో కూర్చున్నందుకు తలకి మూడు యూరోలు వేరు. కొపెర్తో అంటారు. బిల్లు చివర్లో చూసి ఒళ్లు మండింది.

ఆ మంట మీదే నడక మొదలైంది. మా గైడ్ వెర్నాత్సా అమ్మాయి. బయల్దేరే ముందు అందరి కాళ్ల వంకా చూసింది. హవాయి చెప్పులతో ఈ దారి ఎక్కితే జరిమానా వేస్తారట. మొంతెరొస్సో దాటగానే మెట్లు, తర్వాత ఇంకా మెట్లు. నాలుగు కిలోమీటర్లు కూడా లేని దారికి రెండు గంటలు ఎందుకు పడుతుందో పది నిమిషాల్లోనే మోకాళ్లకి తెలిసిపోయింది. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు కొండకి అతుక్కుని నిలబడాలి. జర్మనీ వాళ్ల గుంపు ఒకటి వస్తే పావుగంట అలాగే అతుక్కుని ఉన్నాం.

అందరం సముద్రం వైపు ఫోన్లు పెడుతుంటే ఆ అమ్మాయి మమ్మల్ని కొండ వైపు తిప్పుతూనే ఉంది. కొండంతా మెట్లు మెట్లుగా చెక్కిన మడులు, వాటిలో ద్రాక్ష, నిమ్మ. ఒక్కో మడినీ ఆపుతూ ఒక్కో రాతిగోడ. సిమెంటు లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి. వాన నీళ్లు సందుల్లోంచి కారిపోవాలి కాబట్టే అలా కడతారు. సందులు మూసేస్తే నీళ్లు వెనక నిలిచి గోడని తోసేస్తాయి.

ఒక మలుపులో ముసలాయన ఒకరు కూలిన గోడ సరిచేస్తున్నారు. మా గుంపులో ఒక ఇంగ్లీషు పెద్దమనిషి ఆయాసం తీర్చుకోడానికి పక్క గోడ మీద కూర్చున్నాడు. అంతే, ముసలాయన సుత్తి ఎత్తి కేక వేశారు. పెద్దమనిషి లేచిన తీరు చూసి మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత ముసలాయనే చల్లబడి గైడ్ ద్వారా చాలా చెప్పారు. పెద్ద రాళ్లు అడుక్కి, గోడ కొండ వైపు కొంచెం వాలాలి, వెనక చిన్న రాళ్లు నింపాలి. వయసు పిల్లలు పక్క పట్నం లా స్పెత్సియాలో ఉద్యోగాలకి పోయారు. కోతలప్పుడు ద్రాక్ష మోయడానికి ఒంటి పట్టా మీద పాకే బుల్లి మోటారు బండి ఉంది గానీ, గోడ కట్టే మిషను ఇంకా రాలేదు.

అనంతపురం వైపు మా తాత చేను గట్టూ ఇలాంటిదే. ఏటా దుక్కిలో తేలిన రాళ్లు ఏరి గట్టుకి పేర్చేవాళ్లం. పెద్ద వాన వెలిసిందంటే తాత అన్నం కూడా తినకుండా గట్టు చుట్టూ తిరిగొచ్చేవాడు. ఎందుకంత ఆరాటమో నాకప్పుడు అర్థమయ్యేది కాదు. ఇప్పుడా చేలో సోలార్ పలకలున్నాయి. గట్టు ఉందో లేదో నేనెళ్లి చూడలేదు.

వెర్నాత్సా దిగాక తాత ఆరాటానికి జవాబు ఇంకొంచెం దొరికింది. 2011 అక్టోబర్ 25న కొన్ని గంటల్లోనే కుండపోత కురిసి, కొండ మీది నుంచి బురదా రాళ్లూ దిగి ఈ వీధిని పూడ్చేశాయట. ఊళ్లో ముగ్గురు పోయారు. అప్పటికి చాలా మడులు పాడుపెట్టేసి ఉన్నాయి, చూసే దిక్కులేక గోడలు ఉబ్బి ఉన్నాయి అంది గైడ్. 1997లో యునెస్కో ఈ ఊళ్లని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా గోడలు సరిచేయడానికి చేతులు కావాలిగా.

భోజనం దగ్గర ఇంకో చిక్కు. ఇక్కడి పెస్తో, అంటే తులసిలాంటి ఆకుతో చేసే పచ్చడి, శాకాహారమే అనుకుని మా ఆవిడ రోజూ తింటోంది. అందులో వేసే పార్మిజానో చీజ్‌ని దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో పేరబెడతారని గైడ్ మామూలుగా అనేసింది. ఫోర్కు ఆగిపోయింది. లేచి పక్క వీధిలో ఫరినాతా కొనుక్కొచ్చుకున్నాం. శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె, అంతే. రేవు మెట్ల మీద కూర్చుని తిన్నాం. "దీనికి కూర్చున్నందుకు డబ్బులడగలేదు చూశారా," అంది. వేడిగా ఉంది, బాగుంది, కాస్త పచ్చిమిర్చి పడాల్సింది.