పుట్ అప్ విత్ డ్రాఫ్ట్

ఈరోజు తపాలు అంతగా రాకపోవడంతో మా సెక్షన్‌కు కాస్త తీరిక దొరికింది. మధ్యాహ్నం ఆఫీసరు గది నుంచి తిరిగివచ్చిన ఒక నోట్ ఫైలు మార్జిన్‌లో ఆకుపచ్చ సిరాతో ‘పుట్ అప్ విత్ డ్రాఫ్ట్’ అని రాసి ఉంది. కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంట్ ఫోన్‌లో నిఘంటువు చూసి, ‘పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడమని ఉంది మేడమ్, డ్రాఫ్టును మనం ఓర్చుకోవాలా?’ అని అడిగాడు. అందరూ నవ్వారు గానీ, అది నవ్వి వదిలేయవలసిన ప్రశ్న కాదని నాకు అనిపించింది.

మన కార్యాలయాల ఇంగ్లీషులో ‘పుట్ అప్’ అంటే పై అధికారి ఆదేశాల కోసం ఫైలు సమర్పించడం. అసిస్టెంటు నుంచి సూపరింటెండెంటుకు, అక్కడినుంచి ఆఫీసరుకు ఫైలు పైకి వెళ్తుంది కాబట్టి ఇక్కడ ‘అప్’ నిజంగానే పైకి అనే అర్థమిస్తుంది. ‘విత్’ దానికి అతుక్కున్న మాట కాదు, జవాబు ముసాయిదాను జతచేసి పెట్టమని మాత్రమే చెబుతుంది. అందుకే ‘పుట్ ద ఫైల్ అప్ విత్ ద డ్రాఫ్ట్’ అని మధ్యలో ఫైలును చేర్చినా వాక్యం చెడదు. ఓర్చుకోవడమనే అర్థంలో మాత్రం మూడు మాటలూ కలిసి ఒకే క్రియ. ‘ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ నాయిస్’ అన్నప్పుడు ఆ గోలను చివరనే ఉంచాలి తప్ప మధ్యలోకి తేలేము. మన ‘కనిపెట్టు’లో ‘పెట్టు’ దేన్నీ ఎక్కడా పెట్టనట్లే, అక్కడ ‘పుట్’ కూడా తన సొంత అర్థాన్ని వదిలేసుకుంది.

గోడకు పోస్టరు అంటించడానికీ, గుడారం వేయడానికీ ఇదే ‘పుట్ అప్’ పనికొస్తుందని చెప్పి ఊరుకున్నాను, ఎందుకంటే వాటిని వాడుకలో అతడే పట్టుకోగలడు. సాయంత్రం ఇంకొకరు అతణ్ణి ‘వేర్ ఆర్ యూ పుట్ అప్?’ అని అడిగినప్పుడు మాత్రం మళ్లీ కల్పించుకున్నాను. బ్రిటన్‌లో ఎవరినైనా ‘పుట్ అప్’ చేయడమంటే ఒకటి రెండు రాత్రులు తమ ఇంట్లో ఆశ్రయమివ్వడం. మనం అదే మాటతో ఏళ్లతరబడి ఉంటున్న ఇంటి చిరునామా కూడా అడుగుతాం. దీన్ని తప్పని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఇక్కడ అందరికీ అర్థమయ్యే ప్రయోగమే కదా. అయినా డిపార్ట్‌మెంటల్ పరీక్షలకు చదువుతున్న కుర్రవాడు గనుక, కాగితం మీద రాసేటప్పుడు మాత్రం ‘వేర్ డూ యూ లివ్’ అనే రాయమన్నాను.