పత్తి లెక్కల యాప్: ఏఐ అసిస్టెంట్‌కు ప్లాన్ ఫైళ్లు ఇచ్చి పని చేయిస్తున్న తీరు

చిన్నాయన వాళ్ల కోసం రాస్తున్న పత్తి లెక్కల యాప్ ఈ సీజన్‌లో వాడకంలోకి వచ్చింది. కోడ్‌లో ఎక్కువ భాగం ఏఐ అసిస్టెంట్ రాసిందే. దాన్ని దారిలో ఉంచడానికి ప్రాజెక్టు ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లు పెట్టుకున్నాను. ఈ లాగ్ ఎక్కువగా వాటి గురించే. పగలు హనుమకొండలో ఉద్యోగం, రాత్రి అన్నం తిన్నాక గంటో గంటన్నరో ఈ పని. నిన్న ఎక్కడ ఆపామో నాకే సరిగ్గా గుర్తుండదు, అసిస్టెంట్‌కు అసలే ఉండదు.

యాప్ పెద్దదేం కాదు. నర్సంపేట దగ్గర ఊళ్లో చిన్నాయనది పత్తి చేను. విత్తన ప్యాకెట్లు, యూరియా, మందులు, ఏరుడు కూలి ఒకవైపు; జిన్నింగ్ మిల్లు దగ్గర సీసీఐకి (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అమ్మినదో, వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు తోలినదో ఇంకోవైపు. ఏరేవాళ్ల పేర్లు, ఎవరు ఎన్ని కిలోలు ఏరారన్నది చిన్నమ్మ నోటుబుక్‌లో రాస్తుండేది, ఇప్పుడు ఫోన్‌లో ఎక్కిస్తోంది. చేను దగ్గర సిగ్నల్ ఉండదు కాబట్టి డేటా మొత్తం ఫోన్ బ్రౌజర్‌లోనే ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చాక బ్యాకప్ ఫైల్ వాట్సాప్‌లో నాకు పంపుతుంది. అంతే.

సెప్టెంబర్, బతుకమ్మ సెలవులు

మొదటి రూపం ఈ సెలవుల్లోనే తయారైంది. ఒకే సెషన్‌లో, అంటే అసిస్టెంట్‌తో ఒకే సంభాషణలో, ఉన్నంతసేపు పని జోరుగా సాగింది. మర్నాడు కొత్త సెషన్ తెరిచేసరికి కథ మారింది. అసిస్టెంట్ కోడ్ చదువుతుంది, ఏముందో చెబుతుంది, కానీ అట్లా ఎందుకు రాశామో దానికి తెలియదు. డబ్బును పైసల్లో పూర్ణ సంఖ్యగా దాచాలని మొదటే అనుకున్నాం. యూరియా బస్తా ధరే 266 రూపాయల 50 పైసలు, పైసలు వదిలేస్తే లెక్క కుదరదు. దశాంశాల్లో దాచితే, యాప్ రాసిన జావాస్క్రిప్ట్ భాషలో 0.1కి 0.2 కలిపినా 0.30000000000000004 వస్తుంది. అయినా తర్వాతి సెషన్‌లో రాసిన ఖర్చుల స్క్రీన్‌లో మళ్లీ రూపాయలు, దశాంశాలు. ఏరుడు కూలికి ఒక ఫైల్‌లో ఒక పేరు, ఇంకో ఫైల్‌లో ఇంకో పేరు. లాగిన్ పేజీ సంగతి చెప్పనే అక్కర్లేదు. పెడదామా అని అడుగుతుంది, కొన్నిసార్లు అడగకుండానే పెట్టేస్తుంది. ఇద్దరు మనుషులు, ఒక ఫోన్. లాగిన్ ఎవరికి?

సెషన్ మూయకుండా అదే లాగుతూ పోవచ్చు కదా అంటే, దానికీ హద్దుంది. మోడల్ ఒకేసారి ఎంత పాఠం చూడగలదో దాన్ని కాంటెక్స్ట్ విండో అంటారు. దాన్ని టోకెన్లలో, అంటే పదాల ముక్కల్లో కొలుస్తారు. ఇప్పటి మోడళ్లలో 2 లక్షల టోకెన్లు మామూలు, కొన్నింటికి 10 లక్షల దాకా ఉంది. హద్దు దగ్గరపడితే టూల్ పాత సంభాషణను కుదించి సారాంశం చేసుకుంటుంది. ఏం చేశామన్నది ఆ సారాంశంలో మిగులుతుంది. ఏది ఎందుకు వద్దనుకున్నామన్నది జారిపోతుంది. హద్దు రాకముందే పట్టు సడలడం కూడా ఉంది. పొడుగాటి పాఠంలో మొదట్లో, చివర్లో ఉన్న విషయాలను మోడళ్లు బాగా పట్టుకుంటాయని, మధ్యలో ఉన్నవాటిని వదిలేస్తుంటాయని 2023లో వచ్చిన ఒక పరిశోధనాపత్రం చూపించింది. మోడళ్లు ఆ తర్వాత మెరుగయ్యాయి, కానీ నా అనుభవంలో సెషన్ సాగేకొద్దీ ఆ లక్షణం ఇంకా కనిపిస్తూనే ఉంది.

దసరా తర్వాత: ఫైళ్లు

కాజీపేట జంక్షన్‌లో రైలు డ్రైవర్ మారితే ఎక్కడ నెమ్మదిగా పోవాలో రాసిన కాషన్ ఆర్డర్ కొత్తాయన చేతిలో ఉంటుంది. నాకూ అట్లాంటి కాగితమే కావాలి. మూడు ఫైళ్లు పెట్టాను.

మొదటిది నియమాల ఫైల్. దీని పేరు టూల్‌ను బట్టి మారుతుంది. క్లాడ్ కోడ్ అనే టూల్, సెషన్ మొదలవగానే క్లాడ్.ఎమ్‌డీ అనే ఫైల్‌ను తనే చదువుకుంటుంది. కోడెక్స్ లాంటివి ఏజెంట్స్.ఎమ్‌డీ చదువుతాయి, జెమిని సీఎల్ఐకి జెమిని.ఎమ్‌డీ. నేను రెండు మూడు టూల్స్ మార్చి మార్చి వాడతాను కాబట్టి అసలు విషయం ఏజెంట్స్.ఎమ్‌డీలో రాసి, క్లాడ్.ఎమ్‌డీలో '@' గుర్తు పెట్టి ఆ ఫైల్ పేరు ఒక్కటే రాశాను. అప్పుడు అది కూడా అదే ఫైల్‌ను లోపలికి తీసుకుంటుంది. రెండు చోట్ల మార్చే పని తప్పింది. ఇందులో ఉండేవి: యాప్ ఏంటి, ఎట్లా నడపాలి, టెస్టులకు (కోడ్ సరిగ్గా పనిచేస్తోందో సరిచూసే కోడ్) ఏ కమాండ్, కొత్త లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్) కావాలంటే ముందు అడగాలి, మిగతా రెండు ఫైళ్లు ఎక్కడున్నాయి. ఇంతకుమించి అందులో రాయను.

రెండోది ప్లాన్ ఫైల్. పైన 'ఎక్కడ ఆపాం' అని రెండు వరుసలు, కింద చేయాల్సిన పనులు. ప్రతి పని కింద 'అయిందని ఎట్లా తెలుస్తుంది' అని ఒక వరుస తప్పనిసరి. ఈ వరుస లేకపోతే అసిస్టెంట్ కోడ్ రాయగానే టిక్ పెట్టేసి 'పూర్తయింది' అంటుంది, నడిపి చూసిందో లేదో దేవుడికే తెలియాలి. ఇప్పుడు నియమం ఏంటంటే, ఆ వరుసలో ఉన్న కమాండ్ నడిపి దాని ఫలితం చూపించాకే టిక్.

మూడోది నిర్ణయాల ఫైల్. నా మట్టుకు అసలు విలువంతా దీనిదే. పనుల జాబితా పోయినా కోడ్ చూసి మళ్లీ రాసుకోవచ్చు. నిర్ణయం వెనక కారణం కోడ్‌లో ఎక్కడా ఉండదు, వద్దనుకున్నది అసలే కనిపించదు. నా ఫైల్ నుంచి కొన్ని వరుసలు:

డబ్బు: పైసల్లో పూర్ణ సంఖ్య. చూపించేటప్పుడు మాత్రమే రూపాయలు, లక్షల కామాలతో. కారణం: దశాంశాల తేడా.
తూకం: గ్రాముల్లో పూర్ణ సంఖ్య. కారణం అదే.
సర్వర్: వద్దు. కారణం: చేను దగ్గర సిగ్నల్ ఉండదు.
లాగిన్: వద్దు. కారణం: ఒకే ఫోన్, ఇద్దరు మనుషులు. మళ్లీ అడగొద్దు.
అమ్మకం రేటు: యాప్ నిర్ణయించదు. రసీదు మీద ఉన్నదే ఎక్కించాలి. యాప్ ఉన్నది లెక్క సరిచూడటానికి మాత్రమే.

'మళ్లీ అడగొద్దు' అని రాశాక లాగిన్ గొడవ ఆగింది.

ప్రోగ్రెస్ కోసం నాలుగో ఫైల్ పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. నాకు అక్కర్లేదనిపించింది. కోడ్‌లో ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్ ఉంది. అందులో ఒక్కో మార్పును ఎక్కించేటప్పుడు, అంటే కమిట్ చేసేటప్పుడు, సందేశం సరిగ్గా రాయిస్తే చరిత్ర అదే.

అక్టోబర్ నెలాఖరు, తుఫాను వారం

మొంథా తుఫానుకు వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ఊళ్లో చిన్నాయన చేలో పగిలిన కాయ మీద పత్తి తడిసి ముద్దయింది. తర్వాత ఎండబెట్టుకుని మిల్లుకు తోలడమంటే మొత్తం టెన్షన్ తేమ మీదే. సీసీఐ లెక్క ఇట్లా ఉంటుంది: 2025-26కి పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, అది 8 శాతం తేమ వరకే. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనరు.

కాబట్టి తేమ స్క్రీన్ తొందరగా కావాల్సి వచ్చింది. 10 శాతం తేమ, 17 క్వింటాళ్ల 40 కిలోలు అనుకుంటే, 8,110లో 2 శాతం పోగా 7,947 రూపాయల 80 పైసలు, మొత్తం 1,38,291 రూపాయల 72 పైసలు. ఈ లెక్క కాగితం మీద చేసి ప్లాన్ ఫైల్‌లో 'అయిందని ఎట్లా తెలుస్తుంది' వరుసలో అంకెలతో సహా పెట్టాను. 9 శాతానికి 8,028.90, 12 శాతానికి 7,785.60 కూడా. అసిస్టెంట్ ముందు వీటికి టెస్టులు రాసింది, తర్వాత కోడ్. నిర్ణయాల ఫైల్ చదివి ఉంది కాబట్టి రేటును తనే నింపే ప్రయత్నం చేయలేదు. 'రేటు చేత్తో ఎక్కించాలి, లెక్కకు తేడా వస్తే హెచ్చరిక చూపిస్తాను' అని ముందే చెప్పింది. ఆ మాట నేను చాట్‌లో ఎక్కడా అనలేదు, ఫైల్‌లోంచే తీసుకుంది. ఫైళ్ల మీద నాకు గురి కుదిరింది ఇక్కడే.

అసిస్టెంట్ ఒక సలహా ఇచ్చింది, నాకూ నచ్చింది: తేమ 12 దాటితే స్క్రీన్ ఎర్రగా మారి 'కొనరు' అని చూపించడం. చిన్నాయన దాన్ని చూసి, "గది నీ ఫోను చెప్పుడేందిరా, మీటర్ పెట్టినోడు మొఖం మీదనే చెప్తడు గద" అన్నాడు. తీసేశాం. 'ఎర్ర స్క్రీన్: వద్దు. కారణం: మిల్లు దగ్గరికి పోయాక ఆ సమాచారంతో పనిలేదు' అని నిర్ణయాల్లోకి ఎక్కింది.

నవంబర్: ముందురోజు తేదీ

చిన్నాయన ట్రాక్టర్ మిల్లు దగ్గర వరుసలో ముందుండాలని చీకటితోనే బయల్దేరుతుంది. తెల్లవారుజామున ఎక్కించిన తూకాలు ముందురోజు తేదీలో పడుతున్నాయని చిన్నమ్మ పట్టుకుంది. కారణం తెలిసిందే. జావాస్క్రిప్ట్‌లో తేదీని టూ ఐఎస్ఓ స్ట్రింగ్ అనే ఫంక్షన్‌తో తీస్తే వచ్చేది యూటీసీ, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే సమయం. మనం దానికి ఐదున్నర గంటలు ముందుంటాం. కాబట్టి రాత్రి 12 నుంచి పొద్దున 5:30 వరకు ఏం ఎక్కించినా నిన్నటి తేదీ వస్తుంది. పగలు పరీక్షించేవాళ్లకు ఇది కనిపించనే కనిపించదు.

సరిచేయించి, కారణంతో సహా నిర్ణయాల ఫైల్‌లో రాయించాను. అయినా ఒక పొడుగాటి సెషన్ చివర్లో బ్యాకప్ ఫైల్ పేరు కోసం మళ్లీ అదే ఫంక్షన్ వాడింది. ఫైల్‌లో రాసింది మోడల్‌కు సలహా మాత్రమే, తాళం కాదు. చదివినంత మాత్రాన పాటించి తీరుతుందని హామీ లేదు. తప్పితే నష్టం జరిగే విషయాలను టెస్టులోకి, గిట్ హుక్‌లోకి మార్చాలి. ఇప్పుడు కమిట్ చేసే ముందు నడిచే హుక్ ఒకటుంది. కోడ్‌లో ఆ ఫంక్షన్ పేరు కనిపిస్తే కమిట్ ఆగిపోతుంది. పొద్దున 4:30కి ఎక్కించినట్టు నటించే టెస్ట్ ఒకటి, టైమ్ జోన్‌ను ఏషియా/కోల్‌కతా అని పెట్టి నడుస్తుంది. అభిరుచికి, పేర్లకు, 'ఎందుకు'లకు ఫైల్ చాలు. డబ్బుకు, తేదీకి చాలదు.

ఇప్పుడు కూర్చున్నప్పుడల్లా చేసేది

సెషన్ తెరవగానే ఒకే మాట: "మూడు ఫైళ్లు చదువు. తర్వాత ఏం చేయబోతున్నావో రెండు వాక్యాల్లో చెప్పు. కోడ్ ముట్టుకోకు." టూల్‌లో ప్లాన్ మోడ్ ఉంటే అందులోనే అడుగుతాను, అప్పుడు ఫైళ్లు మార్చడానికి వీలుండదు. ఆ రెండు వాక్యాల్లో తేడా ఉంటే చాట్‌లో వాదించను, ఫైల్ దిద్దుతాను. చాట్‌లో దిద్దింది ఆ రాత్రికే పనికొస్తుంది. పని మధ్యలో దారి తప్పుతున్నట్టు అనిపిస్తే ప్లాన్ ఫైల్ మళ్లీ చదవమంటాను. అప్పుడు ఆ పాఠం సంభాషణలో చివరికి, అంటే మోడల్ బాగా చూసే చోటికి వస్తుంది. ఒక పని అవగానే కమిట్, సెషన్ ఖాళీ చేయడం, మళ్లీ మొదటి నుంచి. పడుకునే ముందు 'ఎక్కడ ఆపాం' రెండు వరుసలు మార్పించి, అవి మాత్రం నేనే చదివి కమిట్ చేస్తాను.

ఫైళ్లు పెరగనివ్వకపోవడం ఒక పెద్ద పని. అసిస్టెంట్‌కు వదిలేస్తే ప్లాన్ ఫైల్‌లో పేరాలు పేరాలు రాస్తుంది. అయిపోయిన పనులను ఆదివారం తీసేస్తాను, గిట్‌లో ఎలాగూ ఉంటాయి. మూడు ఫైళ్లూ ఒక్కోటి ఫోన్‌లో ఒకటి రెండు స్క్రీన్లకు మించకూడదన్నది నా లెక్క. పాతబడ్డ ప్లాన్ ఫైల్ ఉండటం కన్నా లేకపోవడం మేలు. అసిస్టెంట్ దాన్నే నమ్మి, మనం ఎప్పుడో వదిలేసిన పని మొదలుపెడుతుంది.

తెలుగులో రాయాలా ఇంగ్లిష్‌లోనా అని కొందరు అడిగారు. కంప్యూటర్‌లో అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి, చాలా మోడళ్లలో తెలుగుకు టోకెన్లు ఇంగ్లిష్ కన్నా ఎక్కువే ఖర్చవుతాయి. అందుకని నియమాల ఫైల్ ఇంగ్లిష్‌లో ఉంది. నిర్ణయాల ఫైల్ మాత్రం తెలుగులోనే, ఎందుకంటే అందులో సగం చిన్నమ్మకు చదివి వినిపించి సరే అనిపించుకున్నవే. ఫైల్ చిన్నదైతే టోకెన్ల తేడా పట్టించుకునేంత ఉండదు.

తర్వాత

చిన్నాయన కొంచెం మిరప కూడా వేశాడు. కొత్త ఏడాదిలో ఎనుమాములకు మిర్చి బస్తాలు పోవడం మొదలయ్యేలోపు దాని స్క్రీన్ కావాలి. పత్తిలా కాదు, ఇక్కడ రకాన్ని బట్టి రేటు: తేజ, వండర్ హాట్, చపాటా వేర్వేరు. కమీషన్, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాళ్ల) కూలి విడివిడిగా కనిపించాలి. ప్లాన్ ఫైల్‌లో 'ఎక్కడ ఆపాం' కింద ఈ రోజు ఇట్లా ఉంది: "మిర్చి టేబుల్ మొదలుపెట్టలేదు. ముందు చిన్నాయన దగ్గర పోయినేటి తక్‌పట్టీల (మార్కెట్‌లో అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీల) ఫోటోలు తీసుకోవాలి. అవి వచ్చేదాకా కోడ్ రాయొద్దు."