సూది దారిన వచ్చిన జ్వరం

నేను ఆసుపత్రిలో చేరింది వాంతులు, విరేచనాలకి. అవి తగ్గిపోయాయి. చావు దగ్గరదాకా తీసుకెళ్ళింది ఆ తర్వాత ఒంట్లో చేరిన జబ్బు. అది తిండి వల్లో నీళ్ళ వల్లో రాలేదు. వైద్యం కోసం చేతికి పెట్టిన సెలైన్ సూది దారిన వచ్చింది. ఇప్పుడు భయం తగ్గింది, కోపం మాత్రం పూర్తిగా తగ్గలేదు. అక్కడక్కడా మాట కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

మాది తుని. ఇంట్లో ఊరగాయలు పెట్టి అమ్ముతాను. మే నెలంటే నాకు ఊపిరి సలపదు. కాయలు తెచ్చుకోవాలి, కడిగి తుడవాలి, ముక్కలు కొట్టించాలి, కారాలు ఆడించాలి. ఆ ఎండల్లో కడుపు చెడింది. అసలే షుగరు మనిషిని, నీరసిస్తే ప్రమాదమని మా ఆయన ఊళ్ళోనే ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. సెలైన్లు, ఇంజెక్షన్లు, రక్తపరీక్షలు, అన్నీ అందరికీ తెలిసినవే. రెండో పూటకి వాంతులు కట్టాయి. మజ్జిగన్నం తిని లేచి తిరుగుతున్నాను. సెలైన్ ఆపేశారు కానీ సూది తీయలేదు. "ఎందుకైనా మంచిది, ఉండనివ్వండమ్మా. మళ్ళీ అవసరమైతే ఇంకోసారి పొడవక్కర్లేదు కదా" అన్నారు. వినడానికి బాగానే ఉంది.

ఎడమ చేతి మణికట్టు పైన ఉండేది అది. గులాబీ రంగు మూత, దాని చుట్టూ తెల్ల ప్లాస్టరు. స్నానానికి తడిసి, ఆరి, మళ్ళీ తడిసి ప్లాస్టరు అంచులు నల్లబడి పైకి లేచాయి. ఏ రోజు పెట్టారో దాని మీద రాసి లేదు. నా మంచం పక్కన గోడకి శానిటైజర్ సీసా పెట్టే స్టాండు ఒకటి ఉంది. కరోనా నాటిది కాబోలు, అందులో సీసా ఉంది, సీసాలో చుక్క లేదు.

రాత్రి డ్యూటీకి వార్డు మొత్తానికి ఒక్కతే సిస్టరు. పాపం, ఆ పిల్ల కూర్చోగా నేను చూడలేదు. చేతులకి గ్లౌజులు వేసుకుని వచ్చేది. అవే గ్లౌజులతో పక్క మంచం ముసలాయన మూత్రం సంచి ఖాళీ చేసి, నా దగ్గరికొచ్చి సూది మూత తీసి ఇంజెక్షన్ చేసి, ఎదుటి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ గ్లౌజులు తన చేతుల్ని కాపాడాయేమో గానీ మమ్మల్ని కాపాడలేదు. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. అన్ని మంచాలకి ఒక్క మనిషిని పెట్టి, గ్లౌజులు లెక్కపెట్టి ఇచ్చే యాజమాన్యం మీద ఉంది.

సూది చుట్టూ ఎర్రబడి కాస్త వాచింది. చూపిస్తే "సెలైన్ లీకై ఉంటుంది, ఐసు పెట్టుకోండి" అన్నారు. డిశ్చార్జి రాస్తూ, ఇంకొన్ని ఇంజెక్షన్లున్నాయి, ఇంటి దగ్గర ఆర్‌ఎంపీ గారితో చేయించుకోండి అని సూది ఉంచే పంపారు. మా వైపు ఇది మామూలే. చేతికి సూదితో బజారులో కూరలు కొనుక్కునే వాళ్ళు కనిపిస్తూనే ఉంటారు.

ఇంటికొచ్చాక ఒక సాయంత్రం ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్ ఎక్కిస్తుంటే నరం పొడవునా మంట. మూత తీసి దుప్పటి మీద పెట్టి, మందు ఎక్కించి, మళ్ళీ అదే మూత బిగించారు. ఆయన వెళ్ళిన కాసేపటికే చలి మొదలైంది. మే నెల తుని ఎండ, ఫ్యాన్ కింద పడుకున్నా చెమట కారే కాలం. నాకేమో పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పారు. మా అత్తగారు ఎండదెబ్బన్నారు, తర్వాత దిష్టన్నారు, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. మా తోడికోడలు వచ్చి కాళ్ళమీద కూర్చుంది, మంచం అంతలా ఊగుతోందని. వణుకు ఆగాక ఒళ్ళు కాలిపోయింది. ఆ తర్వాత నాకు సగమే గుర్తుంది. జాడీలకి వాసెన కట్టారా, వాసెన కట్టారా అని అడుగుతూనే ఉన్నానట. కట్టామని చెప్పినా మళ్ళీ అదే అడిగానట. మా ఆయన్ని పట్టుకుని "మీరెవరండీ" అన్నానట. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ఏడవడం మా అత్తగారు చూసింది అప్పుడేనట.

అర్ధరాత్రి 108 వచ్చింది. ముందు ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్ళారు, బీపీ పడిపోయింది, ఆలస్యం చేయకుండా విశాఖ తీసుకెళ్ళమన్నారు. నక్కపల్లి దాటాక ఎక్కడో నాకు మెలకువ వచ్చింది. అంబులెన్స్ పైకప్పు లైటు, "పై బీపీ ఎనభై కూడా లేదు" అని ఎవరో ఫోన్లో చెప్పడం, అంతే. ఎవరి గురించి చెబుతున్నారో పాపం అనుకున్నాను.

విశాఖలో క్యాజువాలిటీలో చూసిన కుర్ర డాక్టరు గారికి నేను రుణపడి ఉంటాను. ఆయన గుండె చూడకముందే చెయ్యి చూశారు. "ఈ సూది ఎన్ని రోజుల నుంచి ఉంది?" అని అడిగారు. మా ఆయన లెక్కపెట్టుకుంటున్నారు, మా మరిది ఫైలు వెతుకుతున్నాడు. ఫైల్లో లేదు. డాక్టరు గారు ఇక ఆగకుండా ప్లాస్టరు ఊడబెరికి సూది లాగేశారు. దాని వెనకే చీము బొట్టు వచ్చింది. మోచేతి దాకా నరం గట్టిపడి వేలికి తగులుతోంది. రెండు వేరువేరు చోట్ల నుంచి రక్తం తీసి కల్చర్‌కి పంపాకే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఆ వరస ఎందుకో తర్వాత తెలిసింది. మందు ముందు పడితే ఏ క్రిమో తేలడం కష్టమట.

ఐసీయూ గురించి ఎక్కువ రాయను. బీపీ నిలబెట్టే మందు, ఇన్సులిన్, మూత్రానికి గొట్టం. కల్చర్ రిపోర్టులో స్టాఫైలోకాకస్ ఆరియస్ అని వచ్చింది, అందులోనూ మామూలు మందులకి లొంగని రకం, ఎంఆర్‌ఎస్ఏ. ఈ స్టాఫ్ క్రిమి దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ బాధా పెట్టకుండా ఉంటుందట. చర్మం దాటి రక్తంలోకి దిగితేనే దాని అసలు రూపం. గుండె కవాటాల మీద, వెన్నెముకలో గూడు కట్టుకుంటుంది. అందుకే నాకు గుండె ఎకో తీశారు, కవాటాలు బాగున్నాయన్నారు. వాంకోమైసిన్ ఇచ్చారు. కల్చర్‌లో క్రిమి లేదని తేలిన రోజు నుంచి లెక్కపెట్టి కనీసం 14 రోజులు ఇవ్వాలట. గబగబా ఎక్కిస్తే ఒళ్ళంతా ఎర్రబడుతుందని గంటకు పైగా చుక్కచుక్కగా ఎక్కించేవాళ్ళు. కిడ్నీ దెబ్బతింటుందేమోనని క్రియాటినిన్ చూస్తూ ఉండేవాళ్ళు.

ఆ మందు ఎక్కాలంటే మళ్ళీ సూది పెట్టాలి కదా. నేను చెయ్యి ఇవ్వనన్నాను. నిజంగానే చెయ్యి దుప్పటి కింద దాచుకున్నాను. పార్వతీపురం వైపు అమ్మాయి, సిస్టరు, నా మంచం పక్కనే నిలబడింది. "అమ్మా, నేను చేసేది మీరు చూడండి, తప్పు చేస్తే ఆపేయండి" అంది. చేతులకి శానిటైజర్ వేసుకుని అరచేతులు, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళ చివర్లు అన్నీ ఆరేదాకా రుద్దుకుంది. ఇరవై, ముప్ఫై సెకన్లు పడుతుందట, సబ్బుతో అయితే నలభై నుంచి అరవై. నా చర్మం మీద మందు రాసి, అది ఆరేదాకా ఊదకుండా, విసరకుండా ఆగింది. ఆరాక అక్కడ మళ్ళీ వేలు పెట్టలేదు. సూది పెట్టి, లోపల కనబడేలా పారదర్శకంగా ఉండే ప్లాస్టరు అంటించి, దాని మీద పెన్నుతో తేదీ, టైము, తన పొడి అక్షరాలు రాసింది. ప్రతి డ్యూటీలోనూ ఎవరో ఒకరు వచ్చి అక్కడ నొక్కి "నొప్పా అమ్మా?" అని అడిగేవారు. మందు ఎక్కించే ముందు ప్రతిసారీ ఆ మూతిని స్పిరిట్ దూదితో గట్టిగా రుద్దేవారు.

చూస్తూ ఉంటే నాకు ఏడుపొచ్చింది. ఇంత చిన్న పనా? దీనికి పెద్ద మిషన్ అక్కర్లేదు, ఢిల్లీ నుంచి డాక్టరు రానక్కర్లేదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టారని నేను మా తోడికోడలితో గొడవపడ్డదాన్ని. నా నరంలోకి వెళ్ళే గొట్టం మూతని ఏ చెయ్యి ముట్టుకుందో ఎవరూ అడగలేదు.

ఆ వార్డు గోడ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పోస్టరు ఉండేది. చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలు: రోగిని ముట్టుకునే ముందు, సూది లాంటి శుభ్రమైన పని చేసే ముందు, రక్తం మూత్రం లాంటివి తగిలాక, రోగిని ముట్టుకున్నాక, రోగి మంచం బల్ల ముట్టుకున్నాక. ఆఖరిది చదివి ఆశ్చర్యపోయాను, బల్ల ముట్టుకున్నా కడుక్కోవాలన్నమాట. ఏటా మే 5న దీనికి ఒక రోజు కూడా జరుపుతారట. ఆ సంస్థే 2022లో చెప్పిన లెక్క మా మేనకోడలు చూపించింది: మనలాంటి దేశాల్లో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 15 మందికి అక్కడే కొత్త ఇన్ఫెక్షన్ అంటుకుంటుంది. ధనిక దేశాల్లో అయితే 7. మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా 2020 జనవరిలో ఆసుపత్రులకి ఇదంతా రాసి పుస్తకంగా ఇచ్చింది. రాతకి లోటు లేదు మన దగ్గర.

ఇప్పుడు అసలు మంట ఎక్కడంటే, నేను ఐసీయూలో ఉండగా మా ఆయన ఆ కల్చర్ రిపోర్టు పట్టుకుని నర్సింగ్ హోమ్‌కి వెళ్ళారు. గొడవకి కాదు, ఇంకొకరికి జరగకూడదని చెప్పడానికి. డాక్టరు గారు కాగితం ఇటు తిప్పి అటు తిప్పి, "షుగర్ పేషెంట్లకి ఇవన్నీ మామూలేనండీ. మీ ఆవిడ షుగరు కంట్రోల్లో ఉంచుకుంటే ఇంతదాకా వచ్చేది కాదు" అన్నారట. షుగరు నిజమే, క్రిమి దిగితే పెరగడానికి సాయం చేస్తుంది, కాదనను. కానీ నా చేతికి రంధ్రం పెట్టింది షుగరు కాదు. తేదీ రాయనిది షుగరు కాదు. వాచిందని చూపిస్తే ఐసు పెట్టమన్నదీ షుగరు కాదు. ఒక్క "అయ్యో" అన్నా ఇది రాసేదాన్ని కాదేమో.

మన వాళ్ళనీ వదలను. విశాఖలో వార్డుకి మార్చగానే పరామర్శకి వచ్చిన చుట్టాలు చెప్పులతో లోపలికొచ్చి, నా మంచం మీదే కూర్చుని, సూదున్న చెయ్యే పట్టుకుని నిమిరారు. మా పెద్దమ్మ బస్సు దిగి నేరుగా వచ్చి నా నోట్లో బొబ్బట్టు పెట్టబోయింది. పార్వతీపురం సిస్టరు అడ్డుపడి "ముందు చెయ్యి కడుక్కోండి మామ్మగారూ" అంటే పెద్దమ్మకి కోపం వచ్చింది, భోజనం చేయకుండా వెళ్ళిపోయింది. ఇంకా మాట్లాడటం లేదు.

మా అత్తగారు లోవ తలుపులమ్మ తల్లికి మొక్కుకున్నారు. ఇంటికొచ్చి కాళ్ళల్లో సత్తువ రాగానే వెళ్ళి మొక్కు తీర్చుకొచ్చాం. అమ్మవారే ఆ కుర్ర డాక్టరు రూపంలో వచ్చిందని ఆవిడ నమ్మకం. నేను వాదించను. ఆ రాత్రి ఆయన సెలవులో ఉండుంటే అన్న ఆలోచన వచ్చినప్పుడు నాకూ చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

మీలో ఎవరికైనా, మీ వాళ్ళకైనా సెలైన్ సూది పెడితే ఆ ప్లాస్టరు మీద తేదీ రాయించండి. సెలైన్ ఆపేశాక "ఇది ఇంకా ఎందుకు?" అని రోజూ అడగండి. ఎర్రబడినా, వాచినా, నొప్పి పెట్టినా తీసేయమనండి, ఐసు కాదు. మాత్రలు వేసుకోగలిగితే ఇంజెక్షన్లు అవసరమా అని అడగండి. సూదితో ఇంటికి మాత్రం రాకండి. చలి పుట్టి జ్వరం వస్తే ముందు ఆ చెయ్యి చూపించండి. అడిగితే విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

నేను నర్సింగ్ హోమ్‌కి ఉత్తరం రాశాను. డబ్బు అడగలేదు, నా కేసు షీటు కాపీ ఇమ్మన్నాను. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. ఆ వాక్యం ఉత్తరంలో రాశాక ఇచ్చారు. నర్సింగ్ చార్టులో సెలైన్ సీసాల లెక్క ఉంది, బిల్లుకి కావాలి కదా. సూది ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు అనే గడులు రెండూ ఖాళీ. ఆ పేజీ జిరాక్సు తీయించి, రెండు గడుల చుట్టూ ఎర్ర పెన్నుతో చుట్టి, విశాఖ కల్చర్ రిపోర్టు జతచేసి డాక్టరు గారి పేరు మీద స్పీడ్ పోస్టులో పంపాను. అందిందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. జవాబు ఇంకా రాలేదు. వచ్చే వారం మళ్ళీ రాస్తాను.