సాగర్‌నగర్ ఇసుకలో తాబేలు డిప్ప

మార్చిలో విశాఖపట్నం వెళ్ళి అక్కావాళ్ళింట్లో రెండు రోజులున్నాను. మొదటి రాత్రి భోజనాల దగ్గరే బావతో వాదన మొదలైంది. "జీవపరిణామం నిజమైతే మధ్యరకం జీవులేవిరా?" అన్నాడు. టిక్టాలిక్ గురించి చెప్పాను. చేపకీ నాలుగు కాళ్ళ జంతువుకీ మధ్యది 37.5 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో ఉండాలని లెక్కగట్టి, కెనడా ఉత్తర కొసన ఏళ్ళ తరబడి వెతికితే 2004లో దొరికింది. బావకి అది ఆనలేదు. "మరి తాబేలు? సగం డిప్పతో ఏ జంతువు బతుకుతుంది?"

ప్రశ్న మంచిదే. జవాబు చెప్పేలోపు అక్క వచ్చి ఇద్దర్నీ పడుకోమంది.

తెల్లవారుజామున బండి మీద సాగర్‌నగర్ బీచ్‌కి వెళ్ళాం. ఈ తీరానికి చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట వచ్చి, ఇసుక తవ్వి, ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లు పెడతాయి. కుక్కల పాలవకుండా అటవీశాఖ వాళ్ళు వాటిని ఏరి, కంచె లోపల పాతిపెడతారు. పిల్లల్ని వదలడం చూద్దామనుకున్నాం గానీ ఆ రోజు ఏవీ బయటికి రాలేదు.

ఉత్తరంగా కాస్త నడిస్తే ఇసుకలో వెల్లకిలా పడి ఉన్న డిప్ప కనిపించింది. తాబేలు చచ్చిపోయి చాలా రోజులైనట్టుంది. కుక్కలు, కాకులు, పీతలు మిగతాదంతా ఖాళీ చేశాయి. ఇలా ఒడ్డున చచ్చిన వాటిలో శిలాజంగా మారేదెన్ని? నేను మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూశాను. మధ్యలో వెన్నెముక డిప్పకే అతుక్కుని ఉంది. దాన్నుంచి రెండు వైపులా పక్కటెముకలు గట్లలా సాగి, ఎముక పలకల్లో కలిసిపోయాయి. ముట్టుకోలేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చచ్చిన తాబేలు డిప్ప కూడా తీసుకెళ్ళకూడదు.

"బావా, ఇది పైన తొడుక్కున్న కవచం కాదు. దాని పక్కటెముకలే" అన్నాను.

రాత్రి ఆగిపోయిన జవాబు అక్కడే చెప్పాను. చైనాలో 22 కోట్ల ఏళ్ళ నాటి తాబేలు శిలాజం ఉందని 2008లో ప్రకటించారు. పేరు ఓడంటోకెలిస్. నోట్లో పళ్ళున్నాయి, పొట్ట కింద పలక పూర్తిగా ఉంది, వీపున మాత్రం వెడల్పాటి పక్కటెముకలే. బావ అడిగిన సగం డిప్ప అదే! నీళ్ళలో బతకడం వల్ల ఉన్న డిప్పే తగ్గిందేమోనని కొందరు శాస్త్రవేత్తలు అప్పుడే సందేహించారు. 2015లో జర్మనీ నుంచి అంతకన్నా పాత తాబేలు బంధువు, 24 కోట్ల ఏళ్ళ నాటి పాపోకెలిస్ గురించి తెలిసింది. దానికి పొట్ట ఎముకలు అప్పుడప్పుడే అతుక్కోవడం మొదలైంది. దక్షిణాఫ్రికాలో దొరికిన 26 కోట్ల ఏళ్ళ నాటి యూనోటోసారస్‌ని కూడా తాబేళ్ళ బంధువనే అంటారు, దానికి డిప్పే లేదు, పక్కటెముకలు మాత్రం బాగా వెడల్పు. ఆ వెడల్పు కాపాడుకోవడానికి కాదు, మట్టి తవ్వేటప్పుడు ఒళ్ళు కదలకుండా నిలబెట్టడానికని ఒక వివరణ ఉంది. నాకు ఆ వివరణే నచ్చింది.

బావ చాలాసేపు డిప్పలోకి చూస్తూ ఉండిపోయాడు. అక్క ఫోన్ మోగినా తీయలేదు.

"26కీ 24కీ మధ్య ఏముంది?"

"రెండు కోట్ల ఏళ్ళు బావా. వెతుకుతూనే ఉన్నారు."

ఆయన వంగి పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.